విద్యుత్ సంస్థల మిగులు వ్యయాలు – వినియోగదారుల చార్జీలు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు వర్తించే విధానం

విద్యుత్ పంపిణీ సంస్థలు ఒక ఆర్థిక సంవత్సరంలో వెచ్చించి, ఆ సంవత్సరపు చార్జీల ద్వారా రాబట్టుకోలేకపోయిన వ్యయాన్ని తరువాతి సంవత్సరాల బిల్లులలో వసూలు చేసుకొనుటకు చట్టం నిర్దిష్ట మార్గాలను ఏర్పరచింది. హిందూపురం పరిసరాల్లోని తూముకుంట, గోళ్లాపురం పారిశ్రామిక వాడలకు, పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కార్ల కర్మాగారం చుట్టూ వెలసిన అనుబంధ పరిశ్రమలకు, ధర్మవరం పట్టు వస్త్ర ఉత్పత్తిదారులకు, గృహ వినియోగదారులకు ఈ అంశంతో సంబంధం ఉంది. మిగిలిన వ్యయాన్ని ఎవరు, ఎంతమేరకు భరించాలన్నదే ఇందులోని ప్రధాన ప్రశ్న.

పంపిణీ సంస్థ

పూర్వపు అనంతపురం జిల్లా 2014 వరకు హైదరాబాదు కేంద్రంగా గల సెంట్రల్ పవర్ డిస్ట్రిబ్యూషన్ కంపెనీ పరిధిలో ఉండేది. రాష్ట్ర పునర్విభజన దరిమిలా కర్నూలు జిల్లాతో పాటు తిరుపతి కేంద్రంగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థలో (ఏపీఎస్పీడీసీఎల్) విలీనమైంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని ఈ మూడు పట్టణాలకు ఆ సంస్థయే విద్యుత్తును సరఫరా చేస్తున్నది.

వ్యయం మిగిలే తీరు

థర్మల్ విద్యుత్ కొనుగోలు ఒప్పందాలలో సాధారణంగా రెండు భాగాలుంటాయి. స్థిర వ్యయం కేంద్రం నిర్మాణానికి, రుణాలకు, నిర్వహణకు సంబంధించినది. కేంద్రం సిద్ధంగా ఉన్నంత కాలం విద్యుత్తును తీసుకోకపోయినను చెల్లించవలసినది. చర వ్యయం ఇంధనానికి సంబంధించినది. తీసుకొన్న యూనిట్లను బట్టి మారుతుంది. బొగ్గు ధర పెరిగినా, బహిరంగ విపణిలో అధిక ధరకు విద్యుత్తును కొనవలసి వచ్చినా వాస్తవ వ్యయం టారిఫ్ ఉత్తర్వులోని అంచనాను మించుతుంది.

విద్యుత్ చట్టం, 2003లోని 62(4) సెక్షన్ ప్రకారం ఇంధన సర్‌చార్జీ సూత్రం అనుమతించిన మార్పులు మినహా ఒక ఆర్థిక సంవత్సరంలో టారిఫ్‌ను ఒకటికి మించి సవరించరాదు. అందువలన వ్యత్యాసాన్ని తరువాత పరిశీలించి సర్దుబాటు చేస్తారు. వాస్తవ వ్యయం అధికమైతే ట్రూ-అప్, తక్కువైతే ట్రూ-డౌన్ అని వ్యవహరిస్తారు.

రాష్ట్రంలో ట్రూ-అప్ ఉత్తర్వులు

2014–19 కాలానికి రూ. 3,669 కోట్ల ట్రూ-అప్‌ను ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2021 ఆగస్టు 27న అనుమతించింది. దక్షిణ ప్రాంత సంస్థ వినియోగదారులపై యూనిట్‌కు రూ. 1.23, తూర్పు ప్రాంత సంస్థ వినియోగదారులపై 45 పైసలు నిర్ణయించడం జరిగింది. కొద్ది కాలానికే ఆ వసూలు నిలిచిపోయింది; వసూలైన మొత్తం బిల్లులలో సర్దుబాటు అయింది. తిరిగి విచారణ జరిపిన మండలి 2022లో సుమారు రూ. 2,910 కోట్లకు ట్రూ-అప్‌ను పరిమితం చేసింది.

2023 ఏప్రిల్ నుండి ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు నెలవారీగా అమలులోకి వచ్చింది. నెలకు యూనిట్‌కు 40 పైసలు గరిష్ఠ పరిమితి. దానిని మించిన వ్యయం సంవత్సరాంతపు పరిశీలనకు వెళుతుంది. ఆ విధంగా 2022–23కు రూ. 6,072.86 కోట్లు, 2023–24కు రూ. 9,412.50 కోట్లు మండలి 2024లో ఆమోదించింది. రెండు మొత్తాలను 2024 డిసెంబరు నుండి వరుసగా 15, 24 నెలలలో వసూలు చేయవలసిందిగా ఆదేశించింది. 2024–25కు మాత్రం వసూలైన మొత్తం ఆమోదిత వ్యయాన్ని మించినందున, రూ. 923.55 కోట్లను 2025 నవంబరు నుండి యూనిట్‌కు 13 పైసల చొప్పున వినియోగదారులకు తిరిగి ఇవ్వవలసిందిగా ఉత్తర్వులిచ్చింది.

ఉదాహరణకు, నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబానికి 40 పైసల సర్దుబాటు రూ. 60, వెయ్యి యూనిట్లు వాడే మరమగ్గాల షెడ్డుకు రూ. 400, పది లక్షల యూనిట్లు వాడే కర్మాగారానికి రూ. 4 లక్షలు. ఉచిత వ్యవసాయ విద్యుత్తుకు సంబంధించిన వాటాను రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుంది.

పెద్ద వినియోగదారు వైదొలగినప్పుడు

ఒక మెగావాట్‌కు మించిన వినియోగదారులు ఓపెన్ యాక్సెస్ పద్ధతిలో ఇతరుల నుండి విద్యుత్తును కొనవచ్చును. 2022 నాటి కేంద్ర నిబంధనలు హరిత విద్యుత్తుకు ఈ పరిమితిని 100 కిలోవాట్లకు తగ్గించాయి. పరిశ్రమ వెలుపల కొన్నప్పటికీ, దాని అవసరాన్ని దృష్టిలో ఉంచుకొని పంపిణీ సంస్థ కుదుర్చుకొన్న ఒప్పందాల స్థిర వ్యయం తొలగిపోదు. ఆ భారం మిగిలిన వినియోగదారులపై పడకుండుటకు 42(4) సెక్షన్ అదనపు సర్‌చార్జీకి వీలు కల్పించింది.

అయితే ఇది స్వయంచాలకంగా లభించే హక్కు కాదు. ఒప్పంద బాధ్యత నిరుపయోగంగా మిగిలిందని, అది కొనసాగుతున్నదని, లేదా తప్పించుకోలేని స్థిర వ్యయం ఉన్నదని పంపిణీ సంస్థ నిర్ద్వంద్వంగా నిరూపించాలని 2016 జాతీయ టారిఫ్ విధానం స్పష్టం చేసింది. తీగలు, సబ్‌స్టేషన్ల స్థిర వ్యయాన్ని వీలింగ్ చార్జీల ద్వారానే రాబట్టుకోవాలి. 2024 జనవరిలో సవరించిన కేంద్ర నిబంధనల మేరకు ఈ సర్‌చార్జీ సంస్థ విద్యుత్ కొనుగోలులోని యూనిట్ స్థిర వ్యయాన్ని మించరాదు. ఓపెన్ యాక్సెస్ పొందిన నాటి నుండి క్రమంగా తగ్గి నాలుగేళ్లలో పూర్తిగా తొలగిపోవాలి. ఆ గడువు దాటిన పిదప కూడా ఒప్పంద బాధ్యత మిగిలి ఉంటే, దానిని వైదొలగిన పరిశ్రమ నుండి ఈ రూపంలో రాబట్టుకొనే వీలుండదు.

అభ్యంతరాలకు అవకాశం

టారిఫ్ ప్రతిపాదనలపై ప్రజల సూచనలను, అభ్యంతరాలను పరిశీలించిన మీదటనే నియంత్రణ మండలి ఉత్తర్వు జారీ చేయవలెనని 64వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. 2021లో రూ. 3,669 కోట్లుగా ఆమోదం పొందిన మొత్తం తిరిగి జరిగిన విచారణలో రూ. 750 కోట్లకు పైగా తగ్గింది. పంపిణీ సంస్థ కోరిన వ్యయమంతయు బిల్లులలోకి చేరదని, విచారణలో నిలిచిన వ్యయమే చేరుతుందని దీని వలన తెలియుచున్నది.