క్రెష్ చట్టం, న్యుమోకాకల్ టీకా: 2017లో కలిసిన రెండు దారులు

2017 నాటి రెండు నిర్ణయాలను మనం వేర్వేరు నోట్స్‌లో రాసుకుంటాం. ప్రసూతి ప్రయోజనాల సవరణ చట్టం జీఎస్‌లో మహిళల అంశం కింద, న్యుమోకాకల్ టీకా ఆరోగ్యం కింద. నిజానికి రెండూ కలిసేది ఒకే గదిలో: పనికెళ్లే తల్లి బిడ్డను వదిలివెళ్లే క్రెష్‌లో.

క్రెష్ మనకు కొత్త కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం, 1951 తోట కార్మికుల చట్టం అప్పుడే దాన్ని యజమాని బాధ్యత చేశాయి. 2017 సవరణ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు తప్పనిసరి చేసింది. అన్నిటి దృష్టీ తల్లి ఉపాధి మీదే.

ఇక బ్యాక్టీరియా కథ. న్యుమోకాకస్‌ను 1881లో ఫ్రాన్స్‌లో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ విడివిడిగా గుర్తించారు. 90కి పైగా రకాలున్న ఈ క్రిమి ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కు వెనుక భాగంలోనే కాపురం ఉంటుంది. దీన్నే ‘క్యారేజ్’ అంటారు. పిల్లలు ఒకేచోట గుమిగూడితే తుమ్ము, దగ్గు, చీమిడితో ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. చాలామందికి ఏమీ కాదు. కొందరిలో మాత్రం ఊపిరితిత్తులకో, రక్తానికో, మెదడు పొరలకో చేరి ప్రాణం మీదకు తెస్తుంది. ఇంట్లో తాతయ్యకూ సోకవచ్చు.

1977లో అమెరికాలో వచ్చిన టీకా రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయలేదు. 2000లో అక్కడే అనుమతి పొందిన కాంజుగేట్ టీకా జబ్బుతోపాటు క్యారేజ్‌నూ తగ్గించింది. అందుకే టీకా వేయించుకోని పెద్దల్లోనూ ఆ జబ్బు తగ్గింది. ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే, నెట్‌వర్క్‌లో ముఖ్యమైన నోడ్‌ను కాపాడితే మిగతావీ నిలుస్తాయి.

మన దేశంలో 2017 మేలో హిమాచల్‌ ప్రదేశ్‌తోపాటు బిహార్, ఉత్తర్‌ప్రదేశ్‌లలోని కొన్ని జిల్లాల్లో మొదలైన ఈ టీకా, దేశమంతటికీ విస్తరించింది 2021 అక్టోబరులో. ఈ మధ్యకాలంలో మా అక్క కూతురికి ప్రైవేటు క్లినిక్‌లో ఒక్కో డోసుకు వేల రూపాయలు పెట్టి వేయించాం. అదే అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ బిడ్డకు ఆ అవకాశం లేదు. ఇద్దరూ ఆడుకున్నది మాత్రం ఒకే మెట్ల మీద.

ఇప్పుడు 6, 14 వారాలకు, 9వ నెలకు ఉచితంగా వేస్తున్నారు. అయినా టీకాలో లేని రకాలు ఖాళీ అయిన చోటును ఆక్రమించవచ్చు కాబట్టి నిఘా ఆగకూడదు. క్రెష్‌లో చేర్చుకునేటప్పుడే టీకా కార్డు చూడాలి. లేదని బిడ్డను వెనక్కి పంపకుండా ఏఎన్ఎంకు కబురు పెట్టాలి. గాలి ఆడే గది, చేతులు కడుక్కోవడానికి నీళ్లు కూడా క్రెష్ ప్రమాణాల్లో భాగం కావాలి. తల్లి నిశ్చింతగా పనికి వెళ్లాలంటే నాలుగు గోడలు కట్టిస్తే చాలదు.