నేలయుసిరియు కాలేయమును

తొలకరి పడినతోడనే పొలముగట్లపై జానెడు మొక్క యొకటి లేచును. దాని రెమ్మల యడుగున ఆవగింజకన్న కొంచెము పెద్దవైన కాయలు వరుసగా వ్రేలాడుచుండును. అదియే నేలయుసిరి, సంస్కృతమున భూమ్యామలకి. పచ్చకామెర్లకు దీని పసరు నిచ్చుట మనలో చిరకాలపు వాడుక.

ఈ వాడుక అమెరికా పండితుల చెవినిబడినది. హెపటైటిస్ బి యను కాలేయవ్యాధికి మూలమైన వైరసు జాడ పట్టి 1976లో నోబెల్ బహుమానము నందుకొన్న బ్లంబర్గుగారి బృందము, ఈ మొక్క సారము ఆ వైరసు నణచుచున్నదని 1987లో ప్రకటించెను. మరుసటియేడు మద్రాసులో త్యాగరాజన్‌గారు మొదలగువారు ఆ వైరసు కలవారికి 30 దినములు ఈ చూర్ణము నిచ్చిరి. 37గురిలో 22గురి రక్తమున వైరసు గుర్తు మాయమయ్యెను. ఉత్తిపొడి తిన్న 23గురిలో ఒక్కరికే మాయమయ్యెను. వైద్యలోకము ఆశ్చర్యపడినది. కాని 1990లో థాయిలాండున ఆ ఫలితము కానరాలేదు.

అయినను పరిశోధన ఆగలేదు. జన్యువు లనగా కణములో భద్రపరచిన వ్రాతప్రతు లనుకొనుడు. నకలు తీసినగాని వానితో పని జరుగదు. ఈ వైరసు కాలేయకణములో దూరి, అచ్చటి మాంసకృత్తులచేతనే తన ప్రతికి నకళ్లు తీయించుకొనును. కరణముగారి దఫ్తరములో దొంగపత్రము చొప్పించి, ఆయన గుమాస్తాచేతనే నకలు వ్రాయించినట్లన్నమాట! నేలయుసిరి సారము ఆ గుమాస్తాల చేయి ఆ పత్రముపై పడకుండ అడ్డుపడి నకళ్లను తగ్గించుచున్నదని 1996, 1997 సంవత్సరములలో ప్రయోగశాలలో పెంచిన కణములయందు చూపిరి. అయితే పాత్రలోని కణము వేరు, మనుష్యుడు వేరు.

మరి పసరు త్రాగినవారికి కామెర్లు తగ్గుట అబద్ధమా? కాదు. కలుషితమైన నీటివలన వచ్చు కామెర్లు పెక్కుమందికి కొన్నివారములలో వానియంతట అవియే తగ్గును. కీర్తి పసరుకు దక్కును. రక్తముద్వారా సోకు హెపటైటిస్ బి అట్టిది కాదు. అది కొందరిలో ఏండ్లతరబడి అణగియుండి కాలేయమును తినివేయును. మా బన్సీలాల్‌పేట చేరువనున్న గాంధీ ఆసుపత్రికి పసరుతో నెలలు గడిపి, కడుపున నీరు నిండిన పిమ్మట వచ్చినవారిని నే నెరుగుదును.

ఆ వైరసు జన్యువునే మన హైదరాబాదువారు వేరొక విధమున లొంగదీసిరి. వరప్రసాదరెడ్డిగారు స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్‌వారు దానిని ఈస్టు కణములలో చేర్చి, 1997లో స్వదేశపు టీకాను వెలువరించిరి. ఈ వ్యాధి టీకా మొదటి మోతాదును నేడు శిశువు పుట్టిన 24 గంటలలోపల వేయుచున్నారు.