దైవభయము, దండాధికారము: వలసనాటి అమెరికా సాహిత్యము

భరతముని భయమును స్త్రీలయందును నీచప్రకృతులయందును పుట్టు భావముగా నిరూపించినాడు. ధీరుడైన నాయకునకు భయము పొసగదని మన ఆలంకారికుల తలంపు. వలసనాటి అమెరికా సాహిత్యమును చదువునప్పుడు ఈ నిరూపణ తలక్రిందులగుచున్నది. అచ్చట భయపడినవారు పాలకులు, పండితులు, న్యాయాధిపతులు. భయమును జయించి నిలిచినవారిలో పెక్కుమంది సామాన్యగృహిణులు. 1620 మొదలు 1741 వరకు న్యూ ఇంగ్లండు ప్రాంతమున పుట్టిన కొన్ని రచనలను ఈ దృష్టితో పరిశీలింపవలెనని ఈ వ్యాసోద్దేశము.

ఈ పరిశీలనకు ప్రేరకమైనది ఒక విద్యార్థి రచన. సూరతు నగరమునకు దక్షిణమున భేస్తాన్ అను పారిశ్రామిక ప్రాంతము కలదు. తెలంగాణమునుండి బ్రతుకుతెరువునకై వచ్చి సూరతు మరమగ్గములను నమ్ముకొన్న తెలుగు కుటుంబములు ఈ నగరమున స్థిరపడి తరములు గడచినవి. భేస్తాన్‌లో నివసించు అట్టి కుటుంబమునకు చెందిన ఒక విద్యార్థి, ఆంగ్లసాహిత్యము అభ్యసించుచు, ఈ రచనలపై తన భావములను వ్రాసి నాకు చూపినాడు. మతము ముసుగు, భయము పనిముట్టు, అధికారము అసలు ప్రయోజనము అని అతని సిద్ధాంతము. పాలకులు తాము నమ్మని నరకమును చూపి ప్రజలను లొంగదీసికొన్నారని అతని నిర్ణయము. ఇందు సగము నిజమున్నది. కాని మిగిలిన సగమును గమనింపకున్న ఆ సాహిత్యము మనకు అర్థము కాదు. ఆ పాలకులు తాము చూపిన నరకమును మనసార నమ్మినారు. ఆ నమ్మకమే వారిని మరింత ప్రమాదకరులను చేసినది.

1620లో మేఫ్లవర్ ఓడపై ప్లిమత్ తీరమున దిగినవారి చరిత్రను వారి గవర్నరు విలియం బ్రాడ్‌ఫర్డ్ వ్రాసినాడు. ఆ వ్రాతప్రతి 1856 వరకు సంపూర్ణముగా అచ్చు కాలేదు. వెనుక సముద్రము, ముందు తెలియని అరణ్యము, నడుమ శీతకాలము. మొదటి చలికాలము ముగియునప్పటికి వచ్చినవారిలో సుమారు సగముమంది మరణించిరి. ఇట్టి స్థితిలో భయము సహజము. 1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వమున మాసచూసెట్స్ తీరమునకు వచ్చిన ప్యూరిటనులు ఆ సహజభయమునకు ఒక వేదాంతార్థము కల్పించినారు. తాము దైవముతో ఒడంబడిక చేసికొన్న జనమనియు, లోకమెల్ల చూచుచుండ కొండపై నిలిచిన పట్టణమువంటివారమనియు విన్‌త్రాప్ బోధించినాడు. ఒడంబడిక తప్పినచో శిక్ష సంఘమున కంతటికిని కలుగును. కనుక పొరుగువాని పాపము నాకును ఆపదయే. ఈ ఒక్క భావమునుండి ఆ సమాజముయొక్క ఔన్నత్యమును, క్రౌర్యమును కూడ పుట్టినవి.

కాల్విన్ సిద్ధాంతము ప్రకారము మోక్షార్హులెవరో దైవము ముందే నిర్ణయించి యున్నాడు. ఆ నిర్ణయమును మానవుడు మార్చలేడు, నిశ్చయముగా తెలిసికొననూ లేడు. మన భక్తిమార్గమున శరణాగతునకు లభించు నిశ్చింత అచ్చట దుర్లభము. అందుచేత ప్యూరిటను ప్రతిదినమును తన మనస్సును తానే విచారణకు నిలిపెను. దినచర్యలు, ఆత్మకథనములు ఆ సాహిత్యమున అంత విరివిగా ఉండుటకు ఇది ముఖ్యకారణము. భయము లోనికి తిరిగియున్నంతకాలము అది ఆత్మపరీక్షయై సాహిత్యమునకు సూక్ష్మదృష్టి నిచ్చినది. 1666లో తన ఇల్లు తగులబడినప్పుడు ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ వ్రాసిన పద్యములో ఇందుకు చక్కని నిదర్శనమున్నది. పోయినదెల్ల దైవము సొమ్మేయని తనకు తాను చెప్పుకొనుచునే, ఆ కవయిత్రి బూడిదయైన పెట్టెను, బల్లను తలచుకొనక మానలేదు. సిద్ధాంతమునకును హృదయమునకును జరిగిన ఆ చిన్న వివాదమే ఆ పద్యమునకు ప్రాణము.

కాని ఈ భయము న్యాయపీఠమెక్కినంతనే దాని ముఖము వెలుపలికి తిరిగినది. మాసచూసెట్స్‌లో 1631నుండి చర్చి సభ్యులకు మాత్రమే ఓటుహక్కు ఉండెను. మనస్సాక్షిపై ప్రభుత్వమునకు అధికారము లేదని వాదించిన రోజర్ విలియమ్స్‌కు 1635లో బహిష్కారశిక్ష పడినది. మరుసటి యేడు అతడు ప్రావిడెన్స్ స్థాపించినాడు. తన ఇంట స్త్రీలను, పురుషులను చేర్చి ప్రసంగములను వ్యాఖ్యానించిన ఆన్ హచిన్‌సన్‌ను 1637లో విచారించిరి. వేదగ్రంథమును ఆధారముగా తీసికొని ఆమె సభలో సమాధానములు చెప్పినది. చివరకు దైవము తనకు స్వయముగా తెలిపినాడని ఆమె పలికినంతనే న్యాయాధిపతులకు కావలసిన ఆధారము దొరకినది. దైవవాణిని వినుటకు నియమితులైన పండితులుండగా ఒక గృహిణికి అది ఎట్లు వినబడును? ఆమెకును బహిష్కారమే గతియైనది.

1662లో మైకేల్ విగిల్స్‌వర్త్ తీర్పుదినమును వర్ణించుచు ప్రకటించిన దీర్ఘకావ్యము ఆనాటి వలస ప్రజలకు కంఠస్థమైన గ్రంథము. మొదటి ముద్రణలోని 1800 ప్రతులు ఇంచుమించు ఒక సంవత్సరములో చెల్లిపోయినవి. బాప్తిస్మము పొందక మరణించిన శిశువులకు నరకములో కొంత సుఖమైన గదిని కవి ప్రసాదించినాడు. నేటి పాఠకుడు దీనిని చదివి నవ్వును, లేదా కోపించును. కాని తన తర్కము తనను శిశువులకు నరకము విధించువరకు ఈడ్చుకొనిపోవగా, ఆ కవి కరుణ చూపదలచి చూపలేకపోయినాడు. ఒక గది మార్చుట మాత్రమే అతనికి సాధ్యమైనది. కపటి కిట్టి ఇబ్బంది కలుగదు. నమ్మినవానికే కలుగును.

ఈ సత్యము సాలెం గ్రామమున 1692లో రక్తాక్షరములతో వ్రాయబడినది. కొందరు బాలికలు మూర్ఛలతో బాధపడగా, వైద్యమునకు లొంగని ఆ వ్యాధికి చేతబడి కారణమని పెద్దలు నిశ్చయించిరి. టిట్యూబా అను దాసి మొదట నేరము ఒప్పుకొన్నది. కొద్ది నెలలలో నూటయేబదిమందికి పైగా నిందితులైరి. పదునాలుగుమంది స్త్రీలు, ఐదుగురు పురుషులు ఉరికంబమెక్కిరి. విచారణకు ఒప్పుకొనని జైల్స్ కోరీ అను వృద్ధుని బండరాళ్లతో అణచి చంపిరి. చెరసాలలో కనీసము ఐదుగురు మరణించిరి.

ఈ విచారణలో సాక్ష్యమే గమనింపవలసిన అంశము. నిందితురాలి ఛాయారూపము వచ్చి తన్ను హింసించినదని బాధితురాలు చెప్పినచో న్యాయస్థానము దానిని లెక్కకు తీసికొన్నది. ఆ ఛాయ ఇతరులకు కనబడదు. ఆ సమయమున నిందితురాలు తన ఇంట నిద్రించుచున్నను లాభము లేదు. తాను లేనిచోట తన నీడయు లేదని ఎవరు రుజువు చేయగలరు? మరియొక విపరీతము కూడ గలదు. నేరము ఒప్పుకొని ఆ మాటపై నిలిచినవారిలో ఒక్కరును ఉరికంబమెక్కలేదు, కాదన్నవారే ఉరితీయబడిరి. అసత్యము ప్రాణము నిలిపినది, సత్యము ప్రాణము తీసినది. ఆ వ్యవహారమును సమర్థించుచు కాటన్ మాథర్ అదృశ్యలోకపు వింతలను గూర్చి గ్రంథము వ్రాయగా, అతని తండ్రి ఇంక్రీజ్ మాథర్, ఒక నిర్దోషి శిక్షింపబడుటకన్న పదిమంది అనుమానితులు తప్పించుకొనుట మేలని అదే యేడు వాదించినాడు. తండ్రియు కుమారుడును దయ్యములను సమానముగానే నమ్మిరి. వారి భేదము విశ్వాసమున లేదు, రుజువుయొక్క నియమమున ఉన్నది.

ఈ నియమమును ఇంకను స్పష్టముగా చెప్పినది పండితుడు కాదు, మేరీ ఈస్టీ అను గృహిణి. ఆమె అక్క రెబెక్కా నర్స్‌ను జూలైలో ఉరితీసిరి. తనకు మరణదండన పడిన పిమ్మట ఆమె గవర్నరునకును, న్యాయాధిపతులకును, మతాచార్యులకును ఒక విజ్ఞాపన సమర్పించినది. తన ప్రాణమును భిక్ష వేడలేదు. ఇక నిర్దోషుల రక్తము చిందకుండుటయే కోరినది. న్యాయాధిపతులు బుద్ధిపూర్వకముగా అన్యాయము చేయుచున్నారని ఆమె నిందింపలేదు. ఆరోపించువారిని విడివిడిగా ఉంచి ప్రశ్నింపుడనియు, నేరము ఒప్పుకొన్నవారిని కూడ పరీక్షింపుడనియు సూచించినది. సెప్టెంబరు 22న ఆమెను ఉరితీసిరి. మరుసటి నెలలో గవర్నరు ఆ న్యాయస్థానమును రద్దు చేసినాడు. సాలెం వ్యవహారమున పుట్టిన గ్రంథము లెన్నియో యున్నను, మేరీ ఈస్టీ విజ్ఞాపనకు సాటియైన రచన నాకు కనబడదు. అందు భక్తి యున్నది, భయము లేదు.

ఆమెకు ఉత్తరము ఐదేండ్లకు లభించినది. ఆ న్యాయాధిపతులలో ఒకడైన శామ్యూల్ స్యూయల్ 1697 జనవరిలో బోస్టను ప్రార్థనాలయమున తన తప్పిదమును అంగీకరించు పత్రమును ఆచార్యుడు చదువుచుండగా సభ్యులందరియెదుట లేచి నిలిచినాడు. 1700లో ఆయనయే మనుష్యవిక్రయమును ఖండించుచు ఒక చిన్న గ్రంథము ప్రకటించినాడు. ఆయనను పీఠమెక్కించినదియు, తలవంచి నిలబెట్టినదియు ఒకే దైవభయము. వెలుపలికి తిరిగిన భయము మరల లోనికి తిరిగినది.

ఇదంతయు మనకు సంబంధింపని దూరదేశపు గాథ యనుకొనరాదు. సాలెం వధలకు మూడేండ్ల పిమ్మట, 1695లో, యాత్రికులతో సూరతునకు తిరిగివచ్చుచున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని హెన్రీ ఎవరీ అను ఆంగ్లేయుడు కొల్లగొట్టినాడు. అతనితో కలిసి ఈ దండయాత్రకు వచ్చిన థామస్ ట్యూ రోడ్ ఐలండు వలసకు చెందినవాడు. న్యూయార్కు గవర్నరు ఫ్లెచర్ అతనిని ఆదరించి అధికారపత్రము కూడ ఇచ్చియుండెను. ఓడలోని స్త్రీలు మానరక్షణకై సముద్రమున దూకిరని ఖాఫీఖాన్ తన చరిత్రలో వ్రాసినాడు. సూరతులోని ఆంగ్లవర్తకులను మొగలాయి అధికారులు నిర్బంధించిరి. ఒకే వలస తీరమున కనబడని ఛాయకు ఉరికంబము, కనబడు దొంగకు ఆదరము లభించినవి. విద్యార్థి చెప్పిన ముసుగు ఇచ్చట నిజముగానే ఉన్నది.

తెలుగుదేశపు సరకునకు కూడ ఈ కథలో చోటున్నది. చెన్నపట్టణపు కోటకు 1687నుండి 1692వరకు అధ్యక్షుడైన ఎలైహు యేల్ బోస్టనులో జన్మించినవాడు. కోరమాండల్ నేతవస్త్రముల వ్యాపారము సాగిన ఆ కోటలో అతడు ధనవంతుడైనాడు. 1718లో కాటన్ మాథర్ అతనికి లేఖ వ్రాసి, కనెక్టికట్‌లోని కళాశాలకు విరాళమిచ్చినచో దానికి అతని పేరు పెట్టుదురని ఆశ చూపినాడు. యేల్ పంపిన తొమ్మిది బేళ్ల సరకును విక్రయించి ఆ కళాశాల భవనమును కట్టిరి. 1720లో అచ్చట పట్టభద్రుడైన జోనథన్ ఎడ్వర్డ్స్, 1741 జూలై 8న ఎన్‌ఫీల్డ్ గ్రామమున, అగ్నిపై వ్రేలాడు సాలెపురుగుతో మానవుని పోల్చి ప్రసంగింపగా సభయంతయు ఆక్రందించినది. అయినను ఎడ్వర్డ్స్ చేతిలో దండము లేదు. చర్చి సభ్యత్వపు నియమములపై వివాదము రాగా 1750లో అతని సంఘమే అతనిని తొలగించినది. దండము లేని భయము ఏడిపింపగలదు, తొలగింపబడగలదు, ఉరితీయలేదు.

ఈ భేదము మన తెలుగువారికి పుస్తకములలోని విషయము మాత్రమే కాదు. తెలంగాణ గ్రామములలో బాణామతి చేసినారను అనుమానముతో మనుష్యులను కొట్టిన, పళ్లు రాలగొట్టిన, చంపిన సంఘటనలు మన కాలములోనే జరిగినవి. అచ్చటను నిందితుడు తాను చేయలేదని రుజువు చేయలేడు. అచ్చటను ఆరోపించువారు పెక్కుసార్లు నిజముగానే భయపడినవారు. జ్వరముతో బిడ్డ మరణించిన తండ్రి కపటి కాడు. వీరేశలింగముగారు మూఢవిశ్వాసములను ఎంత ఖండించినను, ఖండనమువలన మాత్రమే ఈ భయము పోలేదు. చేతబడి, అమానుష దుష్టాచారముల నివారణకు మహారాష్ట్రము 2013లోను, గుజరాతు 2024లోను చట్టములు చేసినవి. చట్టము విశ్వాసమును మార్చలేకపోవచ్చును. కాని ఆ విశ్వాసము పొరుగువానిపై చేయెత్తకుండ ఆపుట చట్టముయొక్క పని.

కనుక ఆ విద్యార్థి సిద్ధాంతమునకు నా సవరణ ఇంతమాత్రమే. పాలకులందరును నటులని తలచుట సులభము. అట్లు తలచినచో మనము నటులము కాము గనుక మనకు ప్రమాదము లేదని ధైర్యపడుదుము. సాలెం న్యాయాధిపతులలో చదువరులు, నిష్ఠాపరులు ఉండిరి. వారికి కొరవడినది భక్తి కాదు. తమ భయము తమకే పొరపాటు కావచ్చునను అనుమానము. ఆ అనుమానమును మేరీ ఈస్టీ వారికి ఒక చిన్న కాగితముపై వ్రాసి యిచ్చినది. వలసనాటి అమెరికా సాహిత్యమును చదువ మొదలిడువారు విగిల్స్‌వర్త్ కావ్యముతోను, ఎడ్వర్డ్స్ ప్రసంగముతోను ప్రారంభించుట ఆనవాయితీ. ఆ కాగితముతో ప్రారంభించుట మేలని నా అభిప్రాయము.