పది డాలర్ల బయానా

1936లో హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ ఒక కథకు బయానా ఇచ్చాడు. పది డాలర్లు. కథ రాసినాయన మారిస్ వాల్ష్, ఐర్లండ్‌లోని కెర్రీ ప్రాంతం మనిషి, ఎక్సైజు శాఖలో ఉద్యోగం చేసినవాడు. 'సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' అనే అమెరికా పత్రికలో 1933లో అచ్చయిన చిన్న కథ అది. అమెరికా పోయి నాలుగు పైసలు వెనకేసుకొని సొంతూరికి తిరిగొచ్చిన ఒక మెతక మనిషి, ఊళ్లో నోటికి జడిసి ఎవరూ జోలికి పోని ఒక పిల్ల, చెల్లెలికి రావాల్సింది ఇవ్వనని భీష్మించిన అన్న. అంతే కథ. ఆ బయానా కథ తెర మీదికి ఎక్కేసరికి పదహారేండ్లు గడిచాయి. 'ది క్వయట్ మ్యాన్' పేరుతో 1952లో విడుదలైంది.

కౌబాయ్ సినిమాలు తీసి పేరు తెచ్చుకున్న మనిషికి ఈ పల్లెటూరి పెళ్లి ముచ్చట ఎందుకు పట్టింది? ఫోర్డ్ ఇంటిపేరు ఫోర్డ్ కాదు, ఫీనీ. తల్లిదండ్రులిద్దరూ ఐర్లండ్ పడమటి తీరం నుంచి పొట్ట చేతపట్టుకొని ఓడెక్కినవాళ్లు. అతను 1894లో అమెరికాలోనే పుట్టాడు. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలి ఐర్లండ్‌లో కరువు మొదలైంది. ఆ కొద్ది ఏండ్లలో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచిపోయారు. కరువు పోయినా వలస ఆగలేదు, తరాల తరబడి సాగింది.

ఈ సంగతి పాలమూరులోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పాఠకులకు విడమరిచి చెప్పనక్కర్లేదు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకొని, ముసలోళ్లను ఊళ్లో వదిలి, బొంబాయి బస్సెక్కిన ఇండ్లు మన దగ్గర లెక్కకు మించి ఉన్నాయి. తిరిగొచ్చినవాడు ఊరి పొలిమేరలో బస్సు దిగి ఎట్లా చూస్తాడో మనకు తెలుసు. సినిమాలో హీరో షాన్ థార్న్‌టన్ రైలు దిగి చూసేదీ ఆ చూపే. ఆ 'థార్న్‌టన్' కూడా గాలిలోంచి తెచ్చిన పేరు కాదు, గాల్వే దగ్గర ఫోర్డ్ చుట్టాల ఇంటిపేరు.

కథ పట్టుకొని ఫోర్డ్ స్టూడియోల గడపలు తొక్కాడు. తుపాకీ లేదు, గుర్రాల మీద తరుముకోవడం లేదు, ఇదేం సినిమా అన్నట్టే అందరూ తల అడ్డంగా ఊపారు. హీరోగా జాన్ వేన్‌తో, హీరోయిన్‌గా మౌరీన్ ఒహారాతో 1940ల మధ్యలోనే మాట పుచ్చుకున్నాడు. ఏటా ఫోర్డ్ పడవ మీద కూర్చుని అతను చెబుతుంటే ఒహారా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునేది. ఏండ్లు దొర్లిపోతుంటే ఇద్దరికీ దిగులు పట్టుకుంది. ఇంకా ఆలస్యమైతే తనకు విధవరాలి వేషం, వేన్‌కు విలన్ వేషమే మిగులుతాయని ఆమె నవ్వుతాలుగా అంటుండేదట.

చివరికి ఒప్పుకున్నది రిపబ్లిక్ పిక్చర్స్ అనే చిన్న కంపెనీ. దాని యజమాని హెర్బర్ట్ యేట్స్ లెక్కల మనిషి. ఈ ఐర్లండ్ బొమ్మకు పైసలు తిరిగి రావని అతని గట్టి నమ్మకం. అందుకే ఒక మెలిక పెట్టాడు: ముందు ఇదే దర్శకుడు, ఇదే జంట ఒక కౌబాయ్ సినిమా తీసి పెట్టాలి, రాబోయే నష్టం దాంట్లో పూడాలి. అట్లా పుట్టిందే 1950 నాటి 'రియో గ్రాండే'. నష్టపోతుందని భయపడిన రెండో సినిమానే చరిత్రలో నిలిచిందనుకోండి, అది వేరే మాట.

1951 జూన్. మేయో కౌంటీలో కాంగ్ అనే చిన్న ఊరు. రెండు వీధులు, ఒక పాత మఠం గోడలు, పక్కన ఏరు, ఏటి అవతల యాష్‌ఫర్డ్ కోట. కోటలో సినిమావాళ్ల బస. ఊరివాళ్లలో చాలామందికి వేషాలు దొరికాయి. వీధిలో కిరాణా దుకాణానికి బోర్డు మార్చి 'కోహన్ బార్' చేశారు. ఊరికి కరెంటు వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. ఒకపక్క కరెంటు స్తంభాలు దించుతుంటే, ఇంకోపక్క కరెంటు ఎరుగని పాతకాలపు పల్లెను కెమెరాకు పట్టుకోవాలి. స్తంభాలు కనిపించకుండా కోణం వెతుక్కోవడం కెమెరామన్ వింటన్ హాక్ నెత్తిన పడింది. పైన ఐర్లండ్ ఆకాశం చూస్తే నిమిషానికో తీరు. ఎండ, మబ్బు, చినుకు, మళ్లీ ఎండ.

ఇక ఇది సినిమా యూనిట్టా, పెండ్లికి వచ్చిన బంధుబలగమా అన్నట్టుండేది. దర్శకుడి అన్న ఫ్రాన్సిస్ ఫోర్డ్‌ది ముసలి డాన్ టోబిన్ వేషం. హీరోయిన్ తమ్ముళ్లిద్దరికీ వేషాలు. గుర్రప్పందెం సీనులో జాన్ వేన్ పిల్లలు నలుగురూ కనిపిస్తారు. విలన్‌గా, అంటే పిల్ల అన్నగా వేసిన విక్టర్ మెక్లాగ్లెన్ కొడుకు ఆండ్రూ సహాయ దర్శకుడు. పెండ్లిళ్లు కుదిర్చే మైఖేలీన్ పాత్రధారి బ్యారీ ఫిట్జ్‌జెరాల్డ్, ఊరి ప్రొటెస్టెంట్ పాస్టర్‌గా వేసిన ఆర్థర్ షీల్డ్స్ సొంత అన్నదమ్ములు. ఈ మైఖేలీన్ అచ్చంగా మన పెళ్లిళ్ల పేరయ్య. గుర్రబ్బండి తోలుతాడు, పందేలు కాస్తాడు, మందు చుక్క పడనిదే సంబంధం మాట ఎత్తడు.

ఆ షూటింగులో అందరూ చెప్పుకునే ముచ్చట పేడది. క్లైమాక్సుకు ముందు హీరో తన పెండ్లాన్ని రైలు దగ్గర పట్టుకొని పొలాల మీదుగా ఆమె అన్న ఇంటిదాకా ఈడ్చుకుపోతాడు. ఈడ్చే దారిలో ఫోర్డ్, వేన్ కలిసి గొర్రె పెంటికలు కాళ్లతో ఎగదోసి పరిచారు. ఒహారా, ఆమె తరఫువాళ్లు వాటిని మళ్లీ కాళ్లతోనే నెట్టేశారు. ఈళ్లు వేయడం, వాళ్లు తోయడం. గెలిచింది దర్శకుడే. షాటు అయ్యాక ఆమెకు ఎవరూ నీళ్లు ఇవ్వొద్దని ఆర్డరు వేశాడు. ఆ కంపుతోనే ఆమె పొద్దంతా గడిపింది. తర్వాత తన ఆత్మకథలో తానే రాసుకుంది.

ఇంకో సీనులో గాలివాన రాత్రి, ఖాళీ ఇంట్లో దొరికిపోయిన ఆమెను హీరో ముద్దు పెట్టుకుంటాడు, ఆమె చెంప పగలగొట్టబోతుంది. అంతకుముందు ఏదో విషయంలో వేన్ మీద, ఫోర్డ్ మీద ఒళ్లు మండి ఉన్న ఒహారా నిజంగానే బలమంతా పెట్టి చెయ్యి విసిరింది. వేన్ చెయ్యి అడ్డం పెట్టాడు. దెబ్బకు ఆమె మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. అయినా కట్టు లేకుండానే షూటింగు నడిచింది.

ఈడ్చుకుపోయే ఘట్టం ఇవాళ చూస్తే నవ్వు రాదు. దారిలో ఒక ముసలమ్మ, పెండ్లాన్ని కొట్టడానికని హీరో చేతికి కట్టె అందిస్తుంది. హాస్యమే అనుకొని తీశారు. ఆ కాలంలో హాల్లో నవ్వారేమో, నాకు మాత్రం మింగుడుపడదు. కానీ కట్నం గొడవను ఆ సినిమా చూసిన తీరు వేరు, అక్కడ మనం ఆగాలి.

హీరోయిన్ మేరీ కేట్‌కు రావాల్సింది 350 బంగారు నాణేలు, తల్లి వదిలిపోయిన సామాను. అన్న ఎగ్గొట్టాడు. హీరోకు ఆ పైసల మీద ఆశ లేదు, పిల్ల చాలంటాడు. మన సినిమాల్లో అయితే ఇక్కడ హీరోకు చప్పట్లు, కథకు శుభం. ఇక్కడ పిల్ల ఒప్పుకోదు. అవి తన అమ్మవి, తనవి. చేతికి రాకుండా అత్తింట అడుగుపెడితే పనిమనిషికీ తనకూ తేడా ఏముందని ఆమె పట్టు. ఇది మగవాడు గుంజుకునే కట్నం కాదు, మన పెద్దలు స్త్రీధనమన్న దానికి దగ్గర. అన్న విసిరికొట్టిన నోట్లను చివరికి ఏం చేస్తారు? ఆవిరి యంత్రం కొలిమి తలుపు ఆమె తెరుస్తుంది, అతను లోపలికి విసిరేస్తాడు. ఆమెకు కావాల్సింది పైసలు కాదు, హక్కు ఒప్పుకోవడం. ఆ మాట హీరోకు ఎక్కేసరికి సినిమా ముప్పావు వంతు అయిపోతుంది.

ఆ తర్వాతే బావా బామ్మర్దుల కొట్లాట. ఊరంతా వెంటపడి చూస్తుంది, పందేలు కాస్తుంది. ఆఖరి ప్రార్థనలు వింటూ మంచం మీద ఉన్న ముసలి టోబిన్ బయట అల్లరి విని, లేచి బట్టలు సర్దుకుంటూ ఉరుకుతాడు. ఆ వేషం వేసిన ఫ్రాన్సిస్, మూకీల కాలంలో తమ్ముడికంటే ముందే దర్శకుడు. ఈ సినిమా వచ్చిన మరుసటి ఏడాది కన్నుమూశాడు.

ముగింపులో ఒక చిన్న ఘట్టం ఉంది. ఊళ్లో ప్రొటెస్టెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది. మంద లేని పాస్టర్‌ను బదిలీ చేస్తారేమోనని దిగులు. వాళ్ల బిషప్పు వచ్చిన రోజున క్యాథలిక్కు ఫాదరీ తన మెడపట్టీ కనిపించకుండా దాచుకొని, తన జనాన్నంతా రోడ్డుకు ఇరువైపులా నిలబెట్టి జేజేలు కొట్టిస్తాడు. మా పాస్టరును మా ఊళ్లోనే ఉంచండని ఊరంతా ఆడిన నాటకం అది. పీర్ల పండుగకు ఊరంతా అలావా చుట్టూ ఆడే పాలమూరులో ఈ సీను ఎవరికీ వింతగా అనిపించదు.

ఆఖరి షాటులో ఒహారా వేన్ చెవిలో ఏదో చెబుతుంది. వేన్ మొహంలో ఆశ్చర్యం నటన కాదు. ఆ మాట ఫోర్డ్ చెప్పమన్నాడు, ఆమె ఛీ అంది, చివరికి ముగ్గురిలో ఎవరూ బయటపెట్టొద్దనే షరతు మీద చెప్పింది. ఫోర్డ్ 1973లో, వేన్ 1979లో, ఒహారా 2015లో పోయారు. మాట వాళ్లతోనే పోయింది.

సినిమా పూర్తయ్యాక యేట్స్ ఇంకో పేచీ పెట్టాడు: రెండు గంటలు దాటకూడదు. ఫోర్డ్ సరే అన్నట్టు తలాడించి బొమ్మ వేయించాడు. సరిగ్గా రెండు గంటల దగ్గర, కొట్లాట జోరుమీద ఉండగా ప్రొజెక్టరు ఆగిపోయింది. మిగతాది ఏదని చూసేవాళ్లు గోల. యేట్స్ దారికొచ్చాడు, 129 నిమిషాల బొమ్మ అట్లాగే విడుదలైంది. ఏడు ఆస్కార్ నామినేషన్లు, రెండు బహుమతులు: కలర్ ఛాయాగ్రహణానికి ఒకటి, దర్శకుడిగా ఫోర్డ్‌కు ఒకటి. దర్శకుడిగా అది అతనికి నాలుగోది. నాలుగు అందుకున్న దర్శకుడు ఇప్పటికీ ఇంకొకరు లేరు.

ఐర్లండ్‌లో తప్పుపట్టినవాళ్లూ ఉన్నారు. మా దేశం ఇంత పచ్చగా, మా జనం ఇంత తాగుబోతులుగా ఎక్కడున్నారని గుణిశారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. కానీ కాంగ్ ఊరు ఆ ఆరు వారాల ముచ్చట మీద ఇప్పటికీ బతుకుతోంది. ఒహారాను ఎత్తుకున్న వేన్ కంచు బొమ్మ ఊరి మధ్యన నిలబెట్టుకున్నారు. కరువుతోనూ వలసతోనూ లోకం గుర్తుపట్టిన నేలకు, నవ్వు కూడా ఒక గుర్తయింది.

తెలుగు పల్లెలకు ఈ అదృష్టం అక్కడక్కడ దక్కింది. బాపు తొలి సినిమా 'సాక్షి' 1967లో వచ్చింది, తీసింది గోదావరి పక్కన పులిదిండిలో. అక్కడి గుడిలో తాళి కట్టే సీను తీస్తుంటే, ఈ దేవుడు మహిమ గలవాడు, మీకు నిజంగానే పెండ్లవుతుందని హాస్యనటుడు రాజబాబు ఆటపట్టించాడని చెప్పుకుంటారు. ఆ జంట కృష్ణ, విజయనిర్మల తర్వాత నిజంగానే పెండ్లి చేసుకున్నారు. ఐర్లండ్‌లో పుట్టిన ఆస్కార్ వైల్డ్ నాటకం 2008లో 'అష్టా చమ్మా' అయి లక్కవరం అనే తెలుగు పల్లెకు దిగింది. 2017లో 'ఫిదా'తో బాన్సువాడ యాస ఇంటింటికీ చేరింది.

మరి మన మూడు జిల్లాలు? నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారం బిడ్డ గోరటి వెంకన్న పల్లె కన్నీటి పాట 'కుబుసం' సినిమాతో రాష్ట్రమంతా పాకింది. ఆ కన్నీరు నిజం, దాన్ని ఎవరూ కాదనరు. అయితే పాలమూరు అనగానే తెరకు ఎండిన చెరువు, నెత్తిన మూట తప్ప ఇంకేమీ తోచకపోవడం మాత్రం రాసేవాళ్ల సోమరితనం. నూలు చీరకు పట్టు అంచు కలిపే గద్వాల మగ్గం మీద ఒక ప్రేమకథ నడవదా? రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ చదివిన వనపర్తి కుర్రాడికి, జూరాల కట్ట దగ్గర చేపలు అమ్మే అత్తగారు దొరకదా? సోమశిల పడవలో పెండ్లిచూపులు జరగవా? యాస లేదనీ, సరుకు లేదనీ అనడానికి లేదు. బిజినపల్లిలో పుట్టిన పాకాల యశోదారెడ్డి 'మా ఊరి ముచ్చట్లు' 1973లోనే అచ్చేశారు. కొత్తగా కెమెరా పట్టిన పాలమూరు పిల్లలు ముందు ఆ పుస్తకం తెరవండి. తీస్తే, బొంబాయి నుంచి తిరిగొచ్చినవాడి కథే తీయండి, కానీ ఈసారి మమ్మల్ని నవ్వించండి.