టోర్నడో: తలదాచుకునే చోటును ముందే ఎంచుకోవాలి

1989 ఏప్రిల్ 26 సాయంత్రం బంగ్లాదేశ్‌లోని మాణిక్‌గంజ్ జిల్లాను తాకిన టోర్నడోలో సుమారు 1,300 మంది మరణించారు. ఒక్క టోర్నడో వల్ల ఇంతటి ప్రాణనష్టం ప్రపంచంలో మరెక్కడా నమోదు కాలేదు. టోర్నడో అంటే అమెరికాకే పరిమితమని భావించేవారు ఈ సంగతిని గమనించాలి.

మార్చి నుంచి మే వరకు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలికి పడమటి పొడిగాలి ఎదురైనప్పుడు పశ్చిమ బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్‌లలో ‘కాల్‌బైశాఖి’ గాలివానలు పుడతాయి. అధిక భాగం ఈదురుగాలి, వడగళ్లు, పిడుగులతో ముగుస్తాయి. అరుదుగా ఉరుము మేఘంలోని గాలి వేగంగా సుడి తిరుగుతూ గరాటు ఆకారంలో నేలను తాకుతుంది. అదే టోర్నడో. ఎండాకాలంలో పొలాల్లో దుమ్ము రేపే సుడిగాలికి మేఘంతో సంబంధం లేదు. రెండింటినీ సుడిగాలి అనే పిలవడం వల్ల అసలు ప్రమాద తీవ్రత మరుగున పడుతోంది.

కోస్తా ఆంధ్ర ప్రజలకు తుఫాను హెచ్చరికలు, పునరావాస కేంద్రాలు సుపరిచితం. ఆ అలవాటు టోర్నడో వేళ చాలదు. తుఫాను రాకను రోజుల ముందే అంచనా వేయవచ్చు; టోర్నడో కొద్ది నిమిషాల్లోనే వచ్చి పోతుంది. ఉరుములు, ఈదురుగాలులపై భారత వాతావరణ శాఖ మూడు గంటల వ్యవధికి ఇచ్చే తక్షణ సూచనలే ముఖ్య ఆధారం. రేకుల ఇళ్లు, పూరిళ్లలో ఉండేవారు గరాటు కనిపించేదాకా వేచి ఉండరాదు. హెచ్చరిక అంది, ఆకాశం నల్లబడుతుండగానే పక్కా ఇంటికి చేరాలి. ఎవరి ఇంటికన్నది ఆ ఇంటివారితో ముందే మాట్లాడుకోవాలి. వృద్ధులను, పసిపిల్లలను ఎవరు వెంట తీసుకువెళ్లాలో కూడా అప్పుడే నిర్ణయించుకోవాలి.

పక్కా ఇంట్లో కింది అంతస్తులో, కిటికీలు లేని లోపలి గది మేలు. అక్కడ నేలపై వంగి కూర్చుని తలను చేతులతో, వీలైతే పరుపుతో కప్పుకోవాలి. ఎగిరివచ్చే రేకులు, కర్రలు, ఇటుకలే ఎక్కువగా ప్రాణాలు తీస్తాయి. కిటికీలు తెరిస్తే ఒత్తిడి తగ్గి ఇల్లు నిలుస్తుందన్నది అపోహ మాత్రమే. బయట చిక్కుకున్నవారు చెట్ల కింద, వంతెనల కింద ఆగరాదు. దగ్గరలో పక్కా కట్టడమేదీ లేకుంటే, నీరు నిలవని పల్లంలో బోర్లా పడుకుని తలను కాపాడుకోవాలి.

గాలి ఆగాక తెగిపడిన విద్యుత్ తీగలకు దూరంగా ఉండాలి. మేకులున్న శిథిలాలలో చెప్పులు లేకుండా నడవరాదు. వంటగ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్‌నూ తాకకుండా బయటకు రావాలి. అత్యవసర సహాయానికి 112కు ఫోన్ చేయవచ్చు.