గడ్డుకాలమున బీమా ఏజెంట్లు: 1930 నాటి మాంద్యమును గూర్చి కొన్ని సంగతులు

మన బరంపురపు తెలుగువారి పూర్వచరిత్రను వ్రాయబూనినవారు పట్టునేతగాండ్ర వీథులను, గోపాలపురము రేవునుండి రంగూనునకు సాగిన ఓడలను, 1894లో ఈ ఊర జన్మించి రాష్ట్రపతి పదవి నధిష్ఠించిన వరాహగిరి వేంకటగిరిగారిని ప్రస్తావించుట పరిపాటి. అది యుచితమే. కాని చేతిసంచిలో ప్రతిపాదన పత్రములు పెట్టుకొని, ఇంటింటికి తిరిగి జీవితబీమా నమ్మిన ఏజెంటును గూర్చి ఎవరును వ్రాసినట్లు మాకు కానరాలేదు. మేము ముప్పదియెనిమిదేండ్లు బీమా కార్యాలయమున గుమాస్తా పని చేసి విశ్రమించినవారము. ఏజెంటు తిరుగువాడు, గుమాస్తా కూర్చుండువాడు. తిరుగువాని కాళ్లనొప్పి కూర్చుండువాని పద్దులలో ఒక యంకెగా మాత్రమే దిగును. ఆ యంకెల వెనుక కథ కొంత తెలిసినవారము గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

జీవితబీమా మనదేశమునకు తెల్లదొరలతో వచ్చినది. మొదట భారతీయుల ప్రాణములను తక్కువరకపు ప్రాణములుగా నెంచి హెచ్చు ప్రీమియము వసూలు చేయుచుండిరి. 1870లో బొంబాయి మ్యూచువల్ సంఘము వెలసి మనవారికిని సాధారణపు రేట్లకే పాలసీల నిచ్చెను. 1874లో ఓరియంటల్, స్వదేశోద్యమపు వేడిలో 1906లో మదరాసున యునైటెడ్ ఇండియా, మరుసటి యేట కలకత్తాలో హిందూస్థాన్ కో-ఆపరేటివ్ పుట్టినవి. బందరున పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పిరి. "మన సొమ్ము మన దేశముననే యుండవలెను" అను మాట అప్పటి ఏజెంటుకు పెట్టుబడి. ఆ మాట లేనిచో మన పెద్దలు వానిని వీథియరుగు మీదనైన కూర్చుండనిచ్చియుండరు. ఏలయన చావును గూర్చి మాటలాడుట మనయింట అశుభము. అందుచేత తెలివిగల ఏజెంటు మరణమను మాటనే యెత్తక, ఆడపిల్ల పెండ్లినాటికి చేతికి వచ్చు సొమ్మనియే చెప్పుచుండెను. నిర్ణీతకాలము తీరగనే మొత్తము చెల్లించు పాలసీలే మనదేశమున హెచ్చుగా చెల్లుటకు ఇది యొక కారణము.

ఇట్లుండగా 1929 అక్టోబరులో అమెరికాలో వాటాల అంగడి కూలెను. మదరాసు రాజధానిలోని రైతునకు న్యూయార్కు పేరైనను తెలియకపోవచ్చును గాని, దాని దెబ్బ వాని గాదె వరకును వచ్చెను. 1933, 34 నాటికి వడ్లధర ఇంచుమించు సగమునకు పడిపోయెను. శిస్తు మాత్రము తగ్గలేదు. కృష్ణా గోదావరీ మండలములలో రూపాయికి మూడణాల వంతున శిస్తు పెంపును గూర్చి పెద్ద యాందోళనమే జరిగెను. అప్పుపత్రములోని అంకెయు తగ్గలేదు. అట్లే బీమా ప్రీమియమును తగ్గలేదు. 1929లో పది బస్తాలమ్మి కట్టగలిగిన ప్రీమియమునకు ఇప్పుడు ఇరువది బస్తాలు తోలవలసి వచ్చెనన్నచో సంగతి తేటపడును.

మన ప్రాంతమునకు రంగూను దెబ్బ వేరుగా తగిలెను. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలు కూలి పెంపునకై పని మానిరి. వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీరి తెలుగువారిని మరల పిలిచినప్పుడు బర్మీయులకు పని పోయెను. ఆ నెల 26వ తేదీన చెలరేగిన యల్లరులలో మనవారు పెక్కుమంది ప్రాణములు గోల్పోయిరి. పని దొరకని కాలమున ఇద్దరు పేదల నడుమ ఒక్క కూలిని పడవేసిన ఫలమిది. రంగూను మనియార్డరు మీద ఆధారపడిన గంజాము, విశాఖ మండలముల ఇండ్లు ఎన్నియో ఆ పిమ్మట గడ్డురోజులు చూచినవి.

ఇక మిగిలినవారు నెలజీతగాండ్రు. బీమా ఏజెంటునకు వీరే కల్పవృక్షములు. 1931 డిసెంబరునుండి భారతప్రభుత్వము తన యుద్యోగుల జీతములలో నూటికి పది చొప్పున కోత పెట్టెను. 1933లో ఆ కోతను సగమునకు దించి, 1935లో ఎత్తివేసిరి. ఆ నడుమ రైల్వేలలో మనుష్యులను తగ్గించుట సాగెను. కోతపడిన జీతగాడు మొదట పాలు తగ్గించును, పిమ్మట ప్రీమియము మానును. కొందరు రెండవదే ముందు చేసిరి.

1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారపు ప్రమాణమును విడిచిన పిమ్మట తులము బంగారము ఇరువదియొకటి, ఇరువదిరెండు రూపాయలనుండి ఎగబ్రాకి కొలది యేండ్లలో ముప్పది దాటెను. అప్పుల వత్తిడిచేత పల్లెలలోని నగలు కరిగి ఓడలెక్కి విదేశములకు పోయినవి. ఇంట బంగారమమ్మి శిస్తు కట్టిన రైతు వద్దకు పోయి, ఇరువదేండ్ల తరువాతి మాట చెప్పుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. అయినను కొందరు ఏజెంట్లకు ఒక చక్కని వాదము దొరకెను. ధరలు సగమైనవి గనుక నేటి వేయి రూపాయలు మునుపటి రెండు వేలతో సమానమనియు, రూపాయలలో వ్రాసియిచ్చిన మాట నానాటికి బలియుననియు వారు చెప్పుచుండిరి. అప్పటికది సత్యమే. కాని 1933లో కొన్న ఇరువదేండ్ల పాలసీ 1953లో తీరునాటికి యుద్ధము వచ్చి పోయి, ధరలు 1939 నాటికంటె మూడు నాలుగింతలై కూర్చున్నవి. చెప్పినవాడును విన్నవాడును దీని నెరుగరు.

ఇన్ని చిక్కులలో బీమా వ్యాపారము క్షీణించెనని పాఠకులు తలపవచ్చును. జరిగినది వేరు. శతాబ్దారంభపు దశలలో 44 కంపెనీలు, 22 కోట్ల 44 లక్షల వ్యాపారముగా నున్నది 1938 నాటికి 176 కంపెనీలు, 298 కోట్ల వ్యాపారమాయెను. ఇందు దేశాభిమానము కొంత గలదు. మరికొంత మాత్రము నిరుద్యోగము. చదువుకొన్నవానికి కొలువు దొరకని కాలమున పెట్టుబడి లేకుండ దొరకు పని ఏజెన్సీ యొక్కటే. కాగితముల కట్ట ఇచ్చి పంపిన కంపెనీకి వాడు అమ్మినచో లాభము, అమ్మనిచో నష్టము లేదు. పుట్టగొడుగులవలె లేచిన కంపెనీలలో బలము లేనివి పెక్కు కూలిపోయినవి కూడ.

ఏజెంటు మీద ఆర్గనైజరు లేక ఇన్స్పెక్టరు అను ఉద్యోగి యుండును. వీనికి నెలజీతము గలదు. జీతమునకు కట్టిన త్రాడు కోటా. ఏటికిన్ని వేల రూపాయల పాలసీలు తెచ్చినచో కొలువు నిలుచును, లేనిచో జీతము తగ్గును లేక కొలువే పోవును. ఆ కోటా ఎట్లు నిండుచుండెనో లెక్క వేసి చూతము. వేయి రూపాయల పాలసీకి ఏటి ప్రీమియము 50 రూపాయలనుకొందము. తొలి యేట నూటికి నలువది కమీషనన్నచో 20 రూపాయలు. ఏజెంటు అందులో 15 రూపాయలు కొనువానికే రహస్యముగా తిరిగి యిచ్చును. దీనినే రిబేటు అందురు. కొన్నవానికి ఏడాది బీమా 35 రూపాయలకే దొరకెను. మరుసటి యేట నిండు 50 రూపాయలు కట్టవలెను గనుక వాడు మానుకొనును. ముప్పది రోజుల గడువు దాటగనే పాలసీ మురిగిపోవును. కంపెనీకి కమీషను, వైద్యుని ఫీజు, కాగితపు ఖర్చు నీటిపాలు. ఏజెంటునకు మిగిలినది అయిదు రూపాయలు. అయినను ఆ సంవత్సరపు నివేదికలో వేయి రూపాయల కొత్త వ్యాపారము పెద్ద యక్షరములతో అచ్చుపడును. మురిగిన పాలసీల పద్దు వెనుక పుటలలో సన్నని యక్షరములతో నుండును. మేము గుమాస్తాలము గనుక ముందు వెనుకపుటయే చూచుట మాకలవాటు.

1982లో మేము కొలువున చేరిన కొత్తలో డెబ్బది దాటిన పాతకాలపు ఏజెంటొకరు ఎవరిదో క్లెయిము కాగితము పట్టుకొని మా బల్ల యొద్దకు వచ్చుచుండెడివారు. మేము వారిని తాతగారని పిలిచెడివారము. వారు 1932లో ఒక కంపెనీలో ఆర్గనైజరుగా చేరిరట. ఆ కంపెనీ పేరు ఇచట అనవసరము. నెలకు 25 రూపాయల జీతము, ఏటికి 50,000 రూపాయల కోటా. వారు ఇచ్ఛాపురము, సోంపేట తిరిగి, నౌపడాలో బండి మారి చిన్నరైలులో పర్లాకిమిడి పోయి వచ్చుచుండిరి. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు బరంపురము, పర్లాకిమిడి అందు చేరినవి, ఇచ్ఛాపురము, సోంపేట మదరాసు రాజధానిలో నిలిచినవి. తాతగారి తిరుగుడు ఆనాటికది యంతయు ఒక్క గంజాము మండలమే.

1933 డిసెంబరు వచ్చునప్పటికి వారికి తొమ్మిది వేలు తక్కువ పడెను. పట్టునేతగాండ్ర వీథికి పోయిన, జపాను చౌకపట్టు వచ్చి మగ్గములు ఖాళీగా నున్నవి, ప్రీమియము మాట యెత్తవద్దనిరి. తుదకు ఇల్లాలి గొలుసు, వంకీలు కుదువబెట్టి, బంధువులు తొమ్మండుగురి పేర వేయేసి రూపాయల పాలసీలు వ్రాయించి, తొలి మూడునెలల వాయిదా తామే కట్టిరి. కోటా నిండెను. "బాబూ, కోటా ఆకలి లాంటిదయ్యా, నిన్న పెట్టావని ఈవేళ ఊరుకోదు" అని వారు మాతో ననిరి.

ఆ తొమ్మిదింటిలో ఏడు రెండవ వాయిదాకే మురిగిపోయినవి. ఒక్కదానిని నేతపనివాడొకడు పట్టుదలతో తుదివరకు కట్టెను. తొమ్మిదవది మేనమామ కుమారునిది. ఆ యింట అడుగుటకు మొగము చెల్లక రెండవ, మూడవ వాయిదాలను కూడ తాతగారే కట్టిరట. ఏడాది తిరుగకమునుపే ఆ మనుష్యుడు జ్వరమున పోయెను. తొలి యేటి మరణమగుటచే కంపెనీవారు విచారణ జరిపి, ఎనిమిది మాసములకు భార్యకు వేయి రూపాయలు చెల్లించిరి. ఆమె ఆ సొమ్ముతో మడి కొని పిల్లలను పెంచుకొనెను. ఆ చెల్లింపునాటికి తాతగారు ఆ కంపెనీలో లేరు. 1934లో వారి యంకె 38,000 వద్ద ఆగుటచే కొలువు పోయి, ఒక బట్టలకొట్టున లెక్కలు వ్రాయుచుండిరి. నగలు విడిపించుటకు మరి నాలుగేండ్లు పట్టెనట.

ఇట్టివారి పక్షమున మాటలాడువారెవరు? రైల్వేవారికి సంఘములుండెను. మన గిరిగారే బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను కూడగట్టి, 1927లో ఖరగ్‌పూరున మనుష్యుల తగ్గింపునకు ఎదురు నిలిచిరి. 1926లో కార్మికసంఘముల చట్టము, 1936లో వేతన చెల్లింపు చట్టము వచ్చినవి. కాని రెండవది కర్మాగారములకు, రైల్వేలకు వర్తించెను. కమీషను మీద బ్రతుకువాడు ఏ గేటు యొద్ద నిలిచి సమ్మె కట్టగలడు? వాని యజమాని దూరపు పట్టణమున, వాని కర్మాగారము పరుల వీథియరుగున.

1938లో శాసింపబడి 1939 జులై 1నుండి అమలునకు వచ్చిన బీమా చట్టము కొన్ని రోగములకు మందు వేసెను. కంపెనీ రెండు లక్షల రూపాయల ధరావతు కట్టవలెననియు, ఏజెంటు లైసెన్సు పొందవలెననియు, తొలి యేటి కమీషను సాధారణముగా నూటికి నలువది, తరువాతి యేండ్లలో అయిదు మించరాదనియు, రిబేటు నిచ్చుట నేరమనియు విధించెను. అన్నింటికంటె మేలైనది మూడేండ్లు ప్రీమియము కట్టిన పాలసీని బొత్తిగా మురుగనీయక, కట్టినంతకు తగిన విలువ నిలుపవలెనను నియమము. ఇది కొన్నవానిని కాపాడెను. కోటాను గూర్చి మాత్రము చట్టమున మాట లేదు.

1956 సెప్టెంబరు 1న 245 సంస్థలను కలిపి జీవితబీమా కార్పొరేషనును స్థాపించిరి. పాత కంపెనీల క్షేత్రోద్యోగులు వేలమంది వచ్చి చేరిరి. వారి జీతములు, వారు తేవలసిన వ్యాపారము 1957లో ప్రభుత్వపు టుత్తరువున కెక్కినవి. తగినంత వ్యాపారము తేలేదని తొలగింపబడినవారిలో కొందరు న్యాయస్థానమునకు పోగా, వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు నడిచి, ఆ తొలగింపులు ఉత్తరువులోని పద్ధతిని తప్పినవని 1960ల మొదట ఉద్యోగుల పక్షమున తీర్పు వచ్చెను. కోటా తప్పినవానికిని ఒక విచారణ, ఒక పద్ధతి యుండవలెనను మాట అప్పటికి కాగితమున కెక్కెను. తాతగారి కంపెనీ వారిని పంపివేసినది ఒక్క కార్డుముక్కతో.

2000 తరువాత ప్రైవేటు కంపెనీలు మరల వచ్చినవి. 2008 మాంద్యమునను, 2010 సెప్టెంబరులో వాటాల అంగడితో ముడిపడిన యులిప్ పాలసీల ఖర్చులకు నియంత్రణాధికారులు కళ్లెము వేసిన పిమ్మటను, మన ఊరి కుఱ్ఱవాండ్రు పలువురు టై కట్టి చేరిన కొలువులనుండి టై విప్పి యిల్లు చేరిరి. కోటా యను మాట పోయి టార్గెటు వచ్చినది. మార్చి నెలాఖరున మేనత్త పేర, బావమరది పేర పాలసీలు వ్రాయించి తొలి వాయిదా తామే కట్టినవారిని మేమెరుగుదుము. అయితే మా కాలపు వెనుకపుట మాత్రము ఇప్పుడు ముందుకు వచ్చినది. అమ్మిన పాలసీలలో ఎన్ని 13వ, 25వ, 37వ, 49వ, 61వ నెలలలో ఇంకను నిలిచియున్నవో ప్రతి కంపెనీయు లెక్క తీసి బహిరంగముగా ప్రకటింపవలెనని నియమము గలదు. ఎవరైనను చదువుకొనవచ్చును. పాలసీ కొనబోవువారు ఏజెంటు నడుగదగిన మొదటి ప్రశ్న ఆ 13వ నెల యంకె.