మీటితే వెలిగిన గిటార్

అది చూడ్డానికి గిటారే, కానీ దాని ముఖం చెక్క కాదు. గీతలు పడిన గాజులా మసకగా మెరిసే ప్లాస్టిక్ పలక, ఆ పలక కింద రంగురంగుల చిన్న బల్బులు. లావు తీగ మీటితే ఒక రంగు, సన్న తీగ మీటితే ఇంకో రంగు. కాలిఫోర్నియాలోని రికెన్‌బ్యాకర్ కంపెనీ 1970లో తెచ్చిన ఈ వాయిద్యం మోడల్ నంబరు 331, పేరు ‘లైట్ షో’.

ఇలాంటి సాహసం ఆ కంపెనీకి కొత్త కాదు. అయస్కాంతం చుట్టూ రాగి తీగ చుట్టి, ఉక్కు తంతి కంపనాన్ని కరెంటుగా మార్చే పికప్‌ను గిటార్‌కు బిగించి 1930ల మొదట్లోనే బజారుకు తెచ్చింది వాళ్లే. దాని రూపకర్త జార్జ్ బోషాంప్‌కు 1937లో పేటెంట్ వచ్చింది. గుండ్రటి ఒళ్లు, పొడవాటి పిడి చూసి జనం దాన్ని ‘ఫ్రైయింగ్ పాన్’ అన్నారు. మన వంటింటి మాటలో పెనం. తర్వాత బీటిల్స్ బృందం చేతుల్లో ఆ కంపెనీ గిటార్లు కనిపించి, దాని పేరు ఊరూరా తెలిసింది.

లైట్ షో పుట్టిన కాలాన్ని కూడా చూడాలి. 1960ల చివర శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్ కచేరీల్లో వాద్యకారుల వెనక పెద్ద తెర మీద రంగులు ప్రవహించేవి. గాజు పళ్లేల్లో నూనె, రంగు నీళ్లు పోసి, ప్రొజెక్టర్ మీద పెట్టి, పాట ఊపుకు తగ్గట్టు చేత్తో కదిపేవారు. 1968లో న్యూయార్క్‌లో తెరిచిన ఫిల్‌మోర్ ఈస్ట్ కచేరీ హాల్లో రంగులాడించే జాషువా వైట్ బృందం పేరు వాద్యబృందాలతో సమానంగా వినిపించేది. అయితే ఆ వెలుగు వేరే మనిషి చేతిలో ఉండేది. వాయించేవాడి వేళ్ల కిందే అది పుడితే ఎలా ఉంటుంది? 331 ఆ ప్రశ్నకు జవాబు. ఆ కోరికకు చాలా వయసుంది. 1725లోనే లూయీ బెర్త్రాఁ కాస్తెల్ అనే ఫ్రెంచి మతగురువు, మీట నొక్కితే స్వరంతోపాటు రంగూ కనిపించే వాయిద్యాన్ని ప్రతిపాదించాడు. అప్పటికి ఉన్నవి కొవ్వొత్తులే.

కాస్తెల్‌కు లేని కరెంటు 331కి ఉంది. అదే దాని బలం, అదే దాని కష్టం. పికప్ ఇచ్చే సంకేతం వోల్టులో చిన్న భాగం. అది బల్బును వెలిగించలేదు, ఎప్పుడు వెలగాలో చెప్పగలదు అంతే. ఆ సంకేతాన్ని మంద్రం, మధ్యం, తారం అని విడగొట్టే ఫిల్టర్లు కావాలి. బల్బులకు వేరే కరెంటు కావాలి. అందుకే 331కి బయట ఒక పవర్ పెట్టె, దాన్నుంచి గిటార్‌కు కేబుల్. విడగొట్టడం కూడా తేలిక కాదు. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగను ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు సుమారు 82 కంపనాలు. కానీ ఆ ఒక్క స్వరంలోనే దాని రెట్టింపు, మూడింతల కంపనాలూ కలిసి మోగుతాయి. ఒక రంగు వెలగాల్సిన చోట ఇంకో రంగు కూడా తొంగిచూస్తుంది.

అసలు శత్రువు వేడి. ఫిలమెంటు బల్బు తాగే కరెంటులో తొంభై శాతానికి పైగా వేడిగానే పోతుంది. వినాయక చవితి పందిట్లో చాలాసేపు వెలిగిన బల్బును ముట్టుకున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అలాంటివి గిటార్ పొట్టలో, ప్లాస్టిక్ మూత కింద పెట్టి, దాన్ని ఒంటికి ఆనించుకుని వాయించాలి. వేడికి ఉక్కు తీగ కాస్త సాగినా శ్రుతి తప్పుతుంది. మొదటి విడతలో తేలిన ఇబ్బందుల తర్వాత లోపలి సరంజామాను మార్చి రెండో విడత తెచ్చారు. ది బర్డ్స్ బృందంలోని రోజర్ మగ్విన్ పన్నెండు తీగల లైట్ షోను వేదిక ఎక్కించాడు. అయినా అమ్ముడైనవి కొద్ది. కొన్నేళ్లకే తయారీ ఆగిపోయింది.

వెలిగే గిటార్ ఆలోచన మాత్రం ఆగలేదు. 1970ల చివర కిస్ బృందం గిటారిస్టు ఏస్ ఫ్రేలీ కోసం జాన్ ఎల్డర్ రాబిసన్ వెలిగే గిటార్లు, పొగ చిమ్మే గిటార్లు చేశాడు. హైస్కూలు మధ్యలో మానేసిన ఆ కుర్రాడికి ఆటిజం ఉందని నలభై ఏళ్ల వయసులో గానీ తెలియలేదు. మనుషులకన్నా సర్క్యూట్లతో సులువుగా మెలిగిన రోజులను 2007లో వచ్చిన తన ఆత్మకథలో రాశాడు. వేలమంది కేకల మధ్య తన దీపాలు వెలుగుతుంటే పక్కన నిలబడి చూసిన ఆ మనిషి అంటే నాకు ఎంతో ఇష్టం.

వేడి సమస్యను తీర్చింది ఎల్‌ఈడీ. నిక్ హోలొన్యాక్ 1962లోనే ఎర్రటి ఎల్‌ఈడీని వెలిగించాడు. కానీ ప్రకాశవంతమైన నీలం 1993 దాకా రాలేదు. నీలం లేకుండా అన్ని రంగులూ కలపలేం. ఇవాళ ప్రతి దీపాన్నీ విడిగా ఆడించగల ఎల్‌ఈడీ పట్టీ ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా దొరుకుతుంది. అయినా డిజైనర్ పని తేలికైపోలేదు. పూర్తి తెలుపులో ఒక్కోటి 60 మిల్లీఆంపియర్లు తాగే దీపాలు అరవై పెడితే 3.6 ఆంపియర్లు. కొన్ని గిటార్లలో వాడే 9 వోల్టుల బ్యాటరీ దాన్ని మోయలేదు. వెలుగు తగ్గించడానికి వాటిని చకచకా వెలిగించి ఆర్పుతారు. అప్పుడు పుట్టే విద్యుత్ అలజడి పికప్‌లోకి దూరి, పాత ట్యూబ్‌లైట్ చోక్ రేడియోలో చేసినట్టు రొద పెడుతుంది. అందుకే దీపాల తీగలను పికప్‌కు దూరంగా నడిపిస్తారు, పికప్ గుంతకు లోపల రాగి రేకు అంటిస్తారు.

ఇన్ని చేశాక కూడా ఒకటి మిగిలింది. ఫిలమెంటు వెంటనే ఆరదు. స్వరం సన్నగిల్లుతుంటే అది కూడా ఎర్రబారి, మెల్లగా చల్లారుతుంది. తీగ కంపనం తగ్గే తీరూ అదే. ఎల్‌ఈడీ మాత్రం ఠక్కున వెలిగి ఠక్కున ఆరిపోతుంది. కాబట్టి వెలిగే గిటార్‌కు ప్రోగ్రామ్ రాసేవాళ్లు, వెలుగు ఒక్కసారిగా ఆగకుండా కాస్త తోక మిగిల్చి తగ్గేలా లెక్క కలపాలి. 1970లో 331 పొట్టలోని బల్బు ఏ లెక్కా లేకుండా చేసిన పని అది.